ఏడో బోరులో మీటరున్నర

తొమ్మిది కిలోమీటర్ల సొరంగం తవ్వవచ్చో లేదో తేల్చే రాళ్ళన్నీ ఆ ఎండాకాలం నా తాళం కింద ఉండేవి. తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, రెండోది భూతద్దం సారు జేబులో. అందుకే ఐదు రాళ్ళు చోటు మారాయని తెలిసిన రోజున దొంగెవరో తేల్చుకోవడానికి నాకు అరనిమిషం పట్టలేదు. నేను కాదు గనక ఆయనే.

అంత తొందరగా తేలే లెక్కను నమ్మకూడదని తర్వాత తెలిసింది.

భూతద్దం అంటే మా జియాలజిస్టు. మెడలో ఎప్పుడూ చిన్న భూతద్దం వేలాడుతుండేది. రాయినైనా, రసీదునైనా, టీలో పడ్డ చీమనైనా దాంతోనే చూసేవాడు. ఆయన చూడాల్సిన రాళ్ళను కొండలోంచి పైకి తీసేది మా మావయ్య, మా ఆయన తండ్రి. నలభై ఏళ్ళుగా బోరు మిషను మేస్త్రీ. తీసిన రాళ్ళను కడిగి, ఫోటో తీసి, షెడ్డులో భద్రం చేసేది నేను. మిషనుకు నీళ్ళు మోసే ట్యాంకరు మా ఆయనది. ఇల్లిల్లంతా ఆ కొండనే నమ్ముకుని ఉన్నాం.

పని ఎలా జరిగేదో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మిషను నిలువునా దిగుతూ లోపలి రాతిని చేతికర్ర లావున కడ్డీలాగా కోసి గొట్టంలో పైకి తెస్తుంది. ఆ ముక్కలను వచ్చిన వరుసలోనే చెక్కపెట్టెల్లో పేర్చాలి. ఎక్కడైనా రాయి రాకపోతే ఆ ఖాళీకి సరిపడా చెక్క కోసి, దానిమీద ‘రాలేదు’ అని రాసి పెట్టాలి. ముక్కలు తిరగబడకుండా నేను ప్రతి ముక్క మీదా జంట గీతలు గీసేదాన్ని. కుడివైపు ఎరుపు, ఎడమవైపు నీలం.

మావయ్య పెట్టెల్లో ‘రాలేదు’ చెక్క కనపడేది కాదు. మిగతా మేస్త్రీలకు నూటికి ఎనభై వంతులు రాయి వస్తే గొప్ప. ఈయనకు నూటికి నూరు.

“కొండను బతిమాలి తెస్తారా, బెదిరించి తెస్తారా?” అని భూతద్దం అడిగేవాడు.

“కొండ నా మాట వింటుంది సార్. ఇంట్లోవాళ్ళే వినరు” అనేవారు మావయ్య నావైపు చూస్తూ.

మధ్యాహ్నం ఆయన షెడ్డుకే వచ్చి నాతో కలిసి తినేవారు. తిన్నాక నేను గిన్నెలు కడగడానికి కుళాయి దగ్గరికి వెళితే, ఆయన పెట్టెల వరసల మధ్య నీడలో నడుం వాల్చేవారు. ఆ ఏడు టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టారు. గ్లాసు వేడిగా ఉందేమో అనుకునేదాన్ని.

అన్నిటికంటే చివర వేసిన ఏడో బోరు ముగిసిన రెండు వారాలకు పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. సొరంగానికి అప్పిచ్చే బ్యాంకు తన తరఫున ఒక ఇంజనీరమ్మను పంపుతోంది, ఆవిడ అడిగిన రాయల్లా చూపించాలి, వానలు మొదలయ్యేలోగా అంతా తేలిపోవాలి అని. నేను బకెట్టూ బ్రష్షూ పట్టుకుని దుమ్ము పట్టిన పెట్టెలు కడగడం మొదలుపెట్టాను.

ఏడో బోరు, ఇరవై ఎనిమిదో పెట్టె. ఒక ముక్క చేతిలోంచి జారి బోర్లా పడింది. దాని అడుగున, గీతలు ఉండకూడని వైపు, రాతి గుంటల్లో ఎర్రటి చుక్కలు. వాటి ఎడమపక్కన నీలం. ఎవరో ఇసుకతో తోమి చెరిపేసిన జంట గీతలు. నా చేతివే.

ఒక రాతికి నేను రెండుసార్లు గీతలు గీయను. అంటే ఈ రాయి ఇంతకుముందే ఇంకో పెట్టెలో ఉండి వచ్చింది.

పక్కవాటిని కూడా తిప్పి చూశాను. మొత్తం ఐదు ముక్కలు, మీటరున్నర. ఒకదాని మీద మోచేయిలా వంగిన తెల్లటి చార ఉంది. పాత ఫోటోలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఆ చార నాలుగో బోరు, పంతొమ్మిదో పెట్టె ఫోటోలో దొరికింది. షెడ్డు వెనక మూలకు పోయి ఆ పెట్టె తెరిచాను. ఐదు ముక్కల చోట పొడవాటి చెక్క పెట్టి ఉంది. దానిమీద ఏమీ రాయలేదు. చేత్తో తడిమి చూశాను. ఒక్క పేడు గుచ్చుకోలేదు. ఆ సంగతి అప్పుడు బుర్రకెక్కలేదు.

ఏడో బోరులో సొరంగం దారి సరిగ్గా నూట నలభై మీటర్ల లోతున పోతుంది. ఆ రాళ్ళున్నదీ ఆ లోతు దగ్గరే. అక్కడి అసలు రాయి ఏమైంది? నాలుగో బోరుది గట్టి రాయి. దాన్ని చూసే కాబోలు, భూతద్దం తన రిపోర్టులో ఆ వైపు కొండనంతా ‘శ్రేష్ఠం’ అని రాశాడు. ఆ ఒక్క మాటతో ఖర్చు అంచనా పావువంతు దిగింది. దిగింది కాబట్టే సొరంగం కట్టవచ్చన్నారు. తవ్వకం మొదలుపెట్టేది కూడా ఆ వైపు నుంచే. మొదటి ముఠాలో మా ఆయన పేరుంది.

మర్నాడు అరగంట ముందే వెళ్ళాను. షెడ్డు తలుపు ఓరగా తీసి ఉంది. భూతద్దం ఇరవై ఎనిమిదో పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

“ఏం చేస్తున్నారు సార్, ఇంత పొద్దున్నే?”

ఆయన ఉలిక్కిపడి లేవబోయి తల పైపెట్టెకు కొట్టుకున్నాడు. “నువ్వేం చేస్తున్నావమ్మా, ఇంత పొద్దున్నే?”

“నా షెడ్డు సార్.”

“నా రాళ్ళమ్మా.”

ఆయనే ముందు బయటపడ్డాడు.

“నిన్న ఈ పెట్టె ముందు గంటసేపు కూర్చున్నావు. కిటికీలోంచి చూశాను.”

“నన్ను కాపలా కాస్తున్నారా?”

“తాళంచెవి నీ దగ్గరొకటి, నా దగ్గరొకటి. నేను కాదు. ఇక మిగిలింది...” ఆగిపోయాడు.

నా లెక్కే! ఆయన కూడా అరనిమిషంలోనే తేల్చుకుని ఉంటాడు. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది కూడా.

“గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది సార్ మీ వరస. రాయి మారిందని మీకెప్పుడు తెలిసింది?”

“చిత్తు రిపోర్టు పంపేశాక.” గొంతు తగ్గించాడు. “ఇప్పుడు నోరు తెరిస్తే ముందు తెగేది నా మెడ. చూడకుండా ఎలా రాశావంటారు. రెండోది నీ మెడ. నువ్వూ చెప్పకు, నేనూ చెప్పను. పదకొండు బోర్లలో మీటరున్నర ఎంతమ్మా? సముద్రంలో కాకిరెట్ట.”

ఏమీ చేయనివాడు ఎవరికీ చెప్పొద్దని ఎందుకంటాడు? నా అనుమానం తగ్గకపోగా ఇంకాస్త బలపడింది.

మధ్యాహ్నానికి ఇంజనీరమ్మ దిగింది. యాభై దాటిన మనిషి, బూట్లనిండా ఎండిపోయిన బురద. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఖాళీ పెట్టె బోర్లించుకుని కూర్చుంది.

“ఎన్ని బోర్లు?”

“పదకొండండీ.”

“తొమ్మిది కిలోమీటర్లకు పదకొండు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే తెలుస్తుంది. కొండకు అలా కుదరదు.” నీళ్ళసీసా మూత తిప్పుతూ మాట్లాడుతోంది. “మీటరుకు ఇంత ఖర్చని కాగితం మీద రాస్తారమ్మా. అలాంటి మీటరెక్కడా ఉండదు. మంచి మీటర్లన్నీ చవకే, రోజుకు పది తవ్వుకుపోవచ్చు. ఎక్కడో ఒక చెడ్డ మీటరు తగులుతుంది. పైకప్పు రాలుతుంది, నీళ్ళు తోసుకొస్తాయి, పని ఆరునెలలు ఆగుతుంది. మిగతావాటి మీద మిగిలిందంతా అదే తినేస్తుంది.”

“డబ్బేనా అండీ తినేది?”

ఆవిడ నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది. “కాదు. మీవాళ్ళెవరైనా తవ్వకంలో ఉన్నారా?”

“మా ఆయన. పేరిచ్చాడు.”

“ఈ రాళ్ళమీద నీకు నమ్మకముందా?”

“అన్నీ నా తాళం కిందే ఉన్నాయండీ.”

“నేనడిగింది తాళం గురించి కాదు” అంది. ఎదురుగా ఉన్న ఒకటో బోరు పెట్టె మూత తీసింది. రోజుకు రెండు బోర్లు చూసేట్టుంది. ఏడోదాకా రావడానికి మూడు రోజులు.

ఆదివారం మా ఆయన ఇంటిముందు ట్యాంకరు కడుగుతున్నాడు. తవ్వకం ముఠాలో చేరితే జీతం రెట్టింపు, ఉండటానికి రెండు గదుల క్వార్టరు. అప్పటికే ప్లాను చూసి కిటికీల కొలతలు రాసుకుని వచ్చాడు, కర్టెన్లకు.

“రిపోర్టు వెళ్ళిందా?” అని అడిగాడు. ఆ వారంలో అది నాలుగోసారి.

“నీకెందుకంత తొందర?”

“నాకు కాక పక్కింటాయనకు ఉంటుందా తొందర? వానలొస్తే మళ్ళీ ఆర్నెల్లు ఈ డొక్కు ట్యాంకరే గతి.”

“ఐదు రాళ్ళు మారిపోయాయి” అన్నాను. “ఎవరో ఒక బోరు రాళ్ళు తీసి ఇంకో బోరులో పెట్టారు.”

చేతిలో గుడ్డ ఆగింది. “ఏడో బోరులోనా?”

“ఏ బోరో నేను చెప్పలేదు.”

ట్యాంకరు మీంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. మా ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు మెడ దాకా ఎర్రబడ్డాడు.

“చెప్పు. నువ్వు మార్చావా?”

“నీకేమైనా పిచ్చా? నేను షెడ్డులో అడుగైనా పెట్టను.”

“మరి ఏడో బోరని నీకెలా తెలుసు?”

గుడ్డ బకెట్లో విసిరికొట్టాడు. “ఆ రోజు ఆ బోరు అన్నేసి నీళ్ళు పోయించుకుంది కాబట్టి! ఎప్పుడూ రోజుకు ఒక ట్యాంకరు చాలేది. ఏడో బోరు అడుగుకు పోతున్న రోజు మూడు పోశాను. దప్పికతో ఉన్న ఏనుగులా తాగేసింది. నాన్నేమో ‘ఎక్కడో పైపు లీకవుతోంది, ఎవరితో అనకు, మిషను సరిగా చూసుకోలేదంటారు, పరువు పోతుంది’ అన్నాడు. అన్లేదు. అంతే.”

పైపు లీకైతే బోరు చుట్టూ బురదవ్వాలి. ఆ వారమంతా నేను ఏడో బోరు నుంచి పెట్టెలు తెచ్చుకున్నాను. చెప్పులకు ధూళే తప్ప తడి అంటలేదు.

పంతొమ్మిదో పెట్టెలో నేను తడిమిన చెక్క అప్పుడు గుర్తొచ్చింది. మేస్త్రీలందరూ రంపంతో కోసిన చెక్కను కోసినట్టే పెట్టెలో పడేస్తారు, వాటి పేడ్లతో నా వేళ్ళన్నీ గాయాలే. లోతు అంకెలు రాసే చిన్న చెక్కముక్కలనైనా అంచులు చాకుతో గీకి, నున్నగా చేసి పెట్టే మనిషి ఒక్కరే ఉన్నారు. “నా కోడలు చేతులు పెట్టే పెట్టెలివి” అని తన కింద పనిచేసేవాళ్ళతో అనేవారట.

దొంగకు తాళంచెవి అక్కర్లేదు. నేను గిన్నెలు కడిగి వచ్చే లోపు పావుగంట చాలు, పనిముట్ల సంచీ ఒకటి చాలు.

సోమవారం పొద్దున్నే ఏడో బోరు దగ్గరికి వెళ్ళాను. మావయ్య ఒక్కరే ఉన్నారు, మిషను విప్పి బోల్టులు డబ్బాలో వేస్తున్నారు. ఆ చెక్కను తీసుకెళ్ళి ఆయన పక్కన పెట్టాను. చూశారు. ఇంకో రెండు బోల్టులు విప్పారు. మూడోది చేతిలోంచి జారి రాళ్ళలోకి దొర్లిపోయింది. ఇద్దరం వెతకలేదు.

“ఎవరికైనా చెప్పావా అమ్మాయ్?”

“లేదు మావయ్యా.”

“చెయ్యి వణుకుతోంది” అన్నారు. “నాలుగైదు నెలలైంది. ఆ రోజు గొట్టం పైకి తీస్తే మీటరున్నర ఖాళీ. ఇంత బూడిదరంగు బురద, అంతే. నా జన్మలో చూడలేదు. ఒత్తిడి ఎక్కువిచ్చి ఉంటాను, రాయి నలిగి కొట్టుకుపోయి ఉంటుంది. ‘రాలేదు’ అని రాస్తే ఏమవుతుంది? ముసలోడి పని అయిపోయిందని మర్నాడే మిషను ఇంకొకడికిస్తారు. చుట్టూ ఉన్నదంతా గట్టి రాయే కదా, మధ్యలో మీటరున్నర మాత్రం వేరే ఎందుకవుతుంది అనుకున్నాను. తప్పు నా చేతిదే అయినప్పుడు కొండ మీద ఎందుకు రాయాలి?”

ఆయన ముఖంలో మోసం వెతికాను, దొరకలేదు. సిగ్గు ఉంది. తప్పు చేసి దాచిన పిల్లాడిలా ఉన్నారు డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి.

“మావయ్యా, ఆ రోజు పోసిన నీళ్ళు పైకి తిరిగొచ్చాయా?”

బోరు పనిలో అక్షరాభ్యాసం అది. మిషనులోకి పోసిన నీళ్ళు బురదతో కలిసి మళ్ళీ పైకి రావాలి. రాకపోతే లోపల పగులో, బొక్కో, పిండైపోయిన రాయో ఉన్నట్టు. నాకు ఆ మాట నేర్పింది ఆయనే.

కొండవైపు తిరిగారు.

“రాలేదు” అన్నారు.

“మూడు ట్యాంకర్లు.”

“మూడు.”

“ఎటు పోయాయి?”

డబ్బా మూత పెట్టారు, పెట్టిన మూత తీశారు, మళ్ళీ పెట్టారు. చెయ్యి చెడిపోయిందన్న భయంలో నలభై ఏళ్ళ విద్య ఆయనకు ఆ రోజు గుర్తుకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. సొరంగం దారి, దాని పైకప్పు, దాని కింద నిలబడే మొదటి ముఠా, ఒక్కొక్కటీ ఆయన కళ్ళలో కనబడుతుంటే నేను తల తిప్పుకున్నాను.

“ఇంజనీరమ్మ ఎక్కడుంది?” అని అడిగారు.

షెడ్డులో మూడో బోరు రాళ్ళు చూస్తోంది. పక్కనే భూతద్దం చెమటలు తుడుచుకుంటూ ఏదో వివరిస్తున్నాడు. మావయ్య నేరుగా ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడ్డారు.

“అమ్మా, ఏడో బోరులో మీటరున్నర నేను తీసింది కాదు. నేను పెట్టింది.”

భూతద్దం పెట్టె మీద కూలబడ్డాడు. “చంపారు మేస్త్రీగారూ” అన్నాడు నీరసంగా. ఆవిడ మాత్రం అరవలేదు. అడగాల్సినవి అడిగింది, అన్నిటికీ ఆయన చెప్పారు, ట్యాంకర్ల సంగతితో సహా. చివరికి ఆవిడ, “మళ్ళీ వేద్దాం. పాత బోరుకు రెండు బారల దూరంలో. నేను పక్కనుంటాను” అంది. మిషను ఎవరికిద్దామని భూతద్దం అడిగాడు.

“ఈయనకే” అంది ఆవిడ. “ఏ లోతులో ఏం జరిగిందో తెలిసిన మనిషి ఈయనొక్కడే.”

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ దారిన సొరంగం రాలేదు. కొండను చుట్టి వెళ్ళే ఇంకో దారి గీశారు, పొడవు రెండు కిలోమీటర్లు ఎక్కువ, ఖర్చు ఒకటిన్నర రెట్లు. ఆ అంకె చూసి పెద్దలు ఫైలు మూసి, కొన్నేళ్ళకు మళ్ళీ తెరిచారట. భూతద్దాన్ని ఎక్కడికో బదిలీ చేశారు. క్వార్టర్లు కట్టనే లేదు. మా ఆయన ఇంకో ఊళ్ళో ఇంకొకరి ట్యాంకరు నడిపాడు. ఊళ్ళో సగంమంది మావయ్య డబ్బు తిని రాళ్ళు మార్చాడన్నారు. మిగతా సగం డబ్బు తిని ఒప్పుకున్నాడన్నారు.

కొత్త బోరు ఆ లోతుకు దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా ఆయన తండ్రితో మాట్లాడలేదు. నీళ్ళు తెచ్చేవాడు, పోసేవాడు, ట్యాంకరు నీడలో అటు తిరిగి కూర్చునేవాడు. ఇంట్లో కంచాల చప్పుడు తప్ప వేరే మాట లేదు. ఒకరోజు మాత్రం నాతో, “తెలిసే నన్ను సొరంగంలోకి పంపేవాడా?” అని అడిగాడు. తెలియదన్నాను. “తెలియదంటే? ఆయనకు తెలియదనా, నీకు తెలియదనా?” అన్నాడు.

పదో రోజు పొద్దున నూట ముప్ఫై తొమ్మిది మీటర్లు దాటాక మిషను చప్పుడు మారింది. గొట్టం చుట్టూ పైకి ఉబుకుతున్న బురదనీళ్ళు ఒక్కసారిగా లోపలికి దిగిపోయాయి. మావయ్య మిషను ఆపి, ఇంజనీరమ్మ వైపు చూసి, మళ్ళీ నడిపారు, మెల్లగా, చంటిపిల్లకు నీళ్ళు పోసినంత మెల్లగా. గొట్టం పైకి తీసి మా అందరి ముందూ వంచారు.

గుప్పెడు బూడిదరంగు బురద పడింది. అంతే.

ఇంజనీరమ్మ దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. “మీ చేతికేం రోగం లేదండీ” అంది. “ఇక్కడ ఎవరు నడిపినా రాయి రాదు. ఇక్కడ రాయి లేదు.”

ఆ మాట కోసమే ఆయన నెలల తరబడి ఎదురుచూశారని నాకు తెలుసు. ఆయన మాత్రం వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

“నా చెయ్యే చెడిపోయి ఉంటే బాగుండేదమ్మా” అన్నారు.

మా ఆయన ట్యాంకరు నీడలోంచి లేచాడు. తండ్రి దగ్గరికి వచ్చి, బురద గొట్టం ఆయన చేతుల్లోంచి తీసుకుని తన భుజానికెత్తుకున్నాడు.

“జరుగు నాన్నా. ఇంకా ఎంత దిగాలి?”

“రాయి తగిలేదాకా” అన్నారు మావయ్య.

సాయంత్రం దాకా తగల్లేదు.